పాట వినడానికి పట్నం పోతే తప్పా?

ఈ పోస్టు కొంచెం పొడుగుంటాది. బోరు ఆన్ చేసి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

మనోడు ఎవరైనా ఊరు దాటితే చాలు, "యాడికి పోయినావ్?" అని అడుగుతారు. ఆస్పత్రికి అంటే సరే. పెళ్ళికి అంటే సరే. మిరపకాయలు అమ్మడానికి గుంటూరు యార్డుకు అంటే సరే. పాట వినడానికి పోయినా అను, రచ్చకట్ట మీద నవ్వులే నవ్వులు. పోయిన చలికాలం నేను హైదరాబాద్ పోయి 'ఇండియన్ ఓషన్' అనే బ్యాండు పాటలు విని వచ్చినా. అప్పట్నుంచి నాకు 'బ్యాండు మామ' అని పేరు పెట్టినారు. పెట్టనీ. నా మాట ఒకటే: రైతు తనకు నచ్చిన పాట కోసం ఏడాదికి ఒక్కసారైనా ఊరు దాటాల. అది దుబారా కాదు. ఎందుకో చెప్తా, ఆ తర్వాత మీరు తిట్టండి.

ముందు ఈ బ్యాండు సంగతి. 1990లో ఢిల్లీలో పుట్టింది. గిటారు, తబలా, డ్రమ్ములు, మన జానపదాల లాంటి గొంతులు. సినిమాల మీద ఆధారపడి బతికే గుంపు కాదు. ఇందులో బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్ అనే ఆయన అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసినాడు. తిరిగొచ్చి ఉద్యోగం చూసుకోకుండా నర్మదా బచావో ఆందోళనలో తిరిగినాడు. డ్యాము కింద మునగబోయే ఊళ్ళల్లో రైతులతో, ఆదివాసులతో కలిసి ఉన్నాడు. అక్కడ నేర్చుకున్న జానపదమే వీళ్ళ 'మా రేవా' పాట. రేవా అంటే నర్మదా నదికి ఇంకో పేరు. నదిని తల్లీ అని పిలిచే పాట. 2000లో వచ్చిన 'కందిసా' ఆల్బమ్‌లో ఉంది.

ఇప్పుడు మన సంగతికి రండి. మన నందికొట్కూరు, ఆత్మకూరు పక్క వాళ్ళకు మునక అంటే ఏందో ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 1981లో శ్రీశైలం డ్యాము నీళ్ళు నిలబెట్టేటప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణా ఒడ్డు ఊళ్ళు ఎన్ని ఖాళీ చేయించినారో మన ఇళ్ళల్లో పెద్దోళ్ళను అడగండి. ఇప్పటికీ ఎండాకాలం నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి బయటికి వస్తాది. మనం పోయి దండం పెట్టుకుని, ఫోటో దిగి వస్తాం. గుడితో పాటు ఊళ్ళు, మళ్ళు, చింతచెట్లు, కళ్ళాలు కూడా మునిగినాయి కదా, అవి మాత్రం బయటికి రావు.

ఆ రోజు హైటెక్ సిటీ పక్క ఒక మైదానంలో 'మా రేవా' మొదలైతే, వేలమంది పిల్లోళ్ళు చేతులు పైకెత్తి పాడుతున్నారు. అందరూ కంప్యూటర్ ఉద్యోగాలోళ్ళు. వాళ్ళను నేను తప్పు పట్టను, మంచి పాటకు వచ్చినారు, టికెట్టు కొన్నారు. కానీ ఒకటి ఆలోచించండి. నదిని నమ్ముకున్న ఊళ్ళ నుంచి వచ్చిన పాట అది. ఆ జనంలో నదికి ఊరిని ఇచ్చేసినోళ్ళ బిడ్డలం ఎంతమందిమి ఉండి ఉంటాం?

ఇంకొకటి. 2010లో 'పీప్లీ లైవ్' అని హిందీ సినిమా వచ్చింది. బ్యాంకు అప్పుకు పొలం పోయే పరిస్థితి వచ్చిన రైతు, చచ్చిపోతే ఇంటోళ్ళకు పరిహారం వస్తాదని చావడానికి తయారవుతాడు. ఇంక టీవీలోళ్ళు, నాయకులు ఊరి మీద పడతారు. మన కథే. అందులో 'దేస్ మేరా' పాట ఈ బ్యాండుదే. మన బతుకు మీద సినిమా తీస్తారు, పాట కడతారు, పట్నంలో పాడతారు, చప్పట్లు కొడతారు. అన్నీ జరుగుతాయి, మనం తప్ప అందరూ ఉంటారు. నాకు మంట అక్కడే.

పాట కోసం ఊరు దాటడం మనకేమన్నా కొత్తనా? మన తాతలు పక్క ఊర్లో 'హరిశ్చంద్ర' నాటకం ఉందంటే ఎద్దులబండి కట్టుకుని పోయేటోళ్ళు. తెల్లవార్లూ కూర్చుని, పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని అరిచి మళ్ళీ పాడించుకునేటోళ్ళు. సురభి నాటకాలు పుట్టింది కూడా యాడో పట్నంలో కాదు, 1885లో కడప జిల్లాలోని సురభి అనే పల్లెలో. అప్పుడు పాట మన దగ్గరికి వచ్చేది, లేకుంటే మనం బండి కట్టేటోళ్ళం. ఇప్పుడు పాట రావడం ఆగిపోయింది, మనం బండి కట్టడం కూడా మానుకున్నాం.

ఇక మీరు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు.

"యూట్యూబ్‌లో ఫ్రీగా వస్తాది కదా?" వస్తాది. నేనూ ట్రాక్టర్ మీద అదే వింటా. కానీ పక్కోడు వాట్సాప్‌లో పంపిన శెనగచేను ఫోటో చూడటం, పూత మీదున్న చేన్లో పొద్దున్నే నడవడం ఒకటేనా? ఆ డ్రమ్ము దెబ్బ గుండెకాయకు తగులుతాది. అది ఫోన్లో రాదు.

"భాష రాదు కదా?" 'కందిసా' పాట అరమాయిక్ అనే పాత భాషలో ఉంది, కేరళలోని సిరియన్ క్రైస్తవుల ప్రార్థన అది. అక్కడున్న జనంలో ఒక్కరికైనా ఆ భాష వచ్చని నేను అనుకోను. మరి అందరూ కళ్ళు మూసుకుని నిలబడ్డారు. మన ఊర్లో భజన చేసేటోళ్ళందరికీ సంస్కృతం వచ్చా ఏంది?

"డబ్బు దండగ కదా?" సరే, లెక్క చెప్తా. టికెట్టు 700. 500 దాటిన టికెట్టుకు 18 శాతం జీఎస్టీ ఉంది, యాప్ వాళ్ళ చార్జీ ఇంకొంచెం, అన్నీ కలిపి 900 దాకా అయింది. కర్నూలు నుంచి రానుపోను బస్సు, ఎంజీబీఎస్ నుంచి మెట్రో, తిండి, టీ, ఇంకో 1,300. మొత్తం 2,200. రెండు డీఏపీ బస్తాల ధర కూడా కాదు. సినిమా హీరో కటౌట్‌కు, బెనిఫిట్ షోకు, ఎన్నికలప్పుడు పందేలకు మన ఊర్లో ఎంత పోతాదో మీకే తెలుసు. వాటికి ఎవడూ లెక్క అడగడు. అప్పు చేసి పొమ్మని నేను చెప్పడం లేదు. పంట పోయిన ఏడాది పోవద్దు. చేతిలో ఉన్న ఏడాది మాత్రం "రైతుకు ఇవన్నీ ఎందుకు" అనే మాట నమ్మొద్దు. ఆ మాట మనల్ని పనిముట్టు కింద లెక్కగట్టే మాట. కొడవలికి పాట అక్కర్లేదు, దాన్ని పట్టుకునే మనిషికి కావాల.

ఆ డబ్బు ఎవరికి పోతాది అనేది కూడా చూడండి. మనకు దళారీ బాధ తెలుసు. సొంతంగా పాడుకునే ఈ బ్యాండ్లకూ పాటల కంపెనీలతో అదే బాధ. 2010లో వీళ్ళు కంపెనీ దగ్గరికి పోకుండా '16/330 ఖజూర్ రోడ్' అనే ఆల్బమ్ పాటలను నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేసినారు. అది వాళ్ళు ప్రాక్టీసు చేసుకున్న పాత ఇంటి అడ్రసు. పాట ఫ్రీగా ఇచ్చేసినాక బతుకు దేంతో? జనం ముందు పాడి వచ్చే డబ్బుతో. రైతుబజార్‌లో మనం నేరుగా కూరగాయలు అమ్మినట్టే. దళారీ లేకుండా కొనమని జనాన్ని అడిగే మనం, ఇంకొకరి దగ్గర నేరుగా కొనడానికి వెనకాడితే ఎట్లా?

అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఒకటుంది, అది మగోళ్ళు అడగరు. "నువ్వు పోతే బర్రెల పాలు ఎవరు పితికినారు?" మా ఇంటామె పితికింది. ఆమె అడిగింది కూడా, "మరి నా వంతు ఎప్పుడు?" అని. ఇది తేల్చకుండా నా వాదం నిలబడదు. సేద్యంలో మగోనికి రెండు రోజులు సెలవు దొరుకుతాది, ఆడోళ్ళకు పండగ రోజు కూడా దొరకదు. అందుకే మా ఇంట్లో ఒప్పందం: ఈసారి ఆమె, వాళ్ళ అక్క తిరువయ్యారు పోతున్నారు, పుష్య మాసంలో త్యాగరాజ ఆరాధనకు. ఆ నాలుగు రోజులు చెంబు నా చేతిలో. పాట కోసం ఊరు దాటే హక్కు ఇద్దరికీ ఉంటేనే హక్కు, లేకుంటే అది నా షికారు.

పోవాలనుకునేటోళ్ళకు నాలుగు మాటలు. మన శెనగ అక్టోబరు, నవంబరులో వేస్తాం, కోత ఫిబ్రవరి దాటినాక. మధ్యలో డిసెంబరు, జనవరిలో కొంచెం ఊపిరి ఆడుతాది. పట్నంలో బయట మైదానాల్లో పాటలు పెట్టేది కూడా ఎక్కువగా చలికాలమే. ఒక్కరే పోకుండా ముగ్గురు నలుగురు పోండి. బదులు పనికి పోయినట్టే, ఈసారి వీళ్ళు పోతే పశువులను వాళ్ళు చూడాల, మరుసారి మార్చుకోవాల. టికెట్టు ముందుగా కొనండి, గేటు దగ్గర ఎక్కువ రేటు. నిలబడి వినాల్సి ఉంటాది కాబట్టి చెప్పులు మంచివి ఏసుకోండి. రాత్రి ఎంజీబీఎస్ నుంచి కర్నూలుకు బస్సులుంటాయి, తెల్లారేసరికి చేన్లో ఉండొచ్చు.

ఇండియన్ ఓషనే వినాలని లేదు. మీకు నచ్చింది వినండి. పద్యమైనా, కవ్వాలీ అయినా, మీ పిల్లోడు ఇయర్ ఫోన్లు పెట్టుకుని వినే ఇంగ్లీషు గోల అయినా సరే. వాడిని ఒకసారి అడిగి చూడండి, ఏం వింటున్నావ్ రా అని. వాడితో కలిసి పోతే ఇంకా మంచిది, బస్సులో ఐదు గంటలు మాట్లాడుకోవడానికి దొరుకుతాది.

ఈ డిసెంబరులో నేను మళ్ళీ పోవాలనుకుంటున్నా. ఇద్దరు ఇప్పటికే వస్తామన్నారు. ఇంకెవరైనా వచ్చేటట్టుంటే కింద రాయండి. మీ బర్రెలు ఎన్ని, ఎవరు చూసుకుంటారు అనేది కూడా రాయండి, అది తేలితేనే టికెట్టు.