రబ్బరు సరే, ఏ రబ్బరు?
డ్రాయింగు మీద ‘రబ్బరు గాస్కెట్, 3 మిల్లీమీటర్లు’ అని రాసి ఊరుకునే అలవాటు మన చిన్న పరిశ్రమల్లో పోవాలి. డైతో షీటును ఏ ఆకారంలోకైనా కోయవచ్చు. ఆ షీటు దేనితో చేసిందో తేల్చకపోతే కోతలో చూపిన కచ్చితత్వమంతా వృథా. నైట్రైల్ రబ్బరు నూనెకు, గ్రీజుకు తట్టుకుంటుంది గానీ ఎండకు, ఓజోన్‌కు బీటలు వారుతుంది. ఈపీడీఎం అనే మరో రబ్బరు దీనికి పూర్తిగా విరుద్ధం: ఎండావానల్లో ఏళ్లతరబడి నిలుస్తుంది, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. రెండూ చాలావరకు నల్లగానే ఉంటాయి, చూపుతో తేడా పట్టలేం. పొలంలో బోరు మోటారు స్టార్టర్ డబ్బా మూతకు కావలసింది ఈపీడీఎమ్మే. అది ఫోమ్ అయితే, లోపలి గాలిగదులు మూసుకుని ఉన్న రకమే. తెరిచిన గదుల ఫోమ్ గట్టిగా నొక్కితే తప్ప నీటిని ఆపదు. అందరూ వదిలేసే లెక్క మరొకటి ఉంది, కంప్రెషన్ సెట్: చాలాకాలం నొక్కి ఉంచి వదిలాక పదార్థం ఎంతమేర తిరిగి లేవకుండా ఉండిపోతుందన్నది. మొదటి ఏడాది బిగుతుగా ఉన్న మూత తర్వాతి వానాకాలానికి కారడానికి తరచు ఇదే కారణం. సీలుకు వాతావరణం ఎంత ముఖ్యమో 1986 జనవరి 28న ప్రపంచం చూసింది. చాలెంజర్ అంతరిక్ష నౌక రాకెట్లోని ఓ-రింగ్ అనే రబ్బరు సీలు చలికి బిరుసెక్కి సందు మూయలేకపోయింది. పైకి లేచిన 73 సెకన్లలో నౌక ముక్కలై ఏడుగురు చనిపోయారు. కొనుగోలు చేసేవాళ్లు షీటు ధర కన్నా ముందు డేటాషీటు అడగాలి, అందులో ఉష్ణోగ్రత పరిధి, కంప్రెషన్ సెట్ అంకెలు లేకపోతే ఆర్డరు ఇవ్వకూడదు.