ఆ మాట మన నోట రాకూడదు

పోయిన సంక్రాంతికి మా పిన్ని కొడుకు డబ్లిన్ నుంచి ఫోన్ చేశాడు. చలి సంగతి, ఇంటద్దెల సంగతి చెప్పుకొచ్చి, మాటల మధ్యలో అన్నాడు: “ఇక్కడ కూడా ఒక దొంగల జాతి ఉందన్నా. కారవాన్లలో ఉంటారు. వాళ్లుండే వైపు ఇల్లు తీసుకోవద్దని ఆఫీసులో అందరూ చెప్పారు.” నాకు వెంటనే మాట రాలేదు. లైన్ కట్టయిందనుకుని వాడు హలో, హలో అంటున్నాడు.

మేము ఎరుకలవాళ్లం. మా అమ్మ, వాళ్లమ్మ అక్కచెల్లెళ్లు. వాళ్ల నాన్న, అంటే మా ఇద్దరి తాత, చిన్నతనమంతా సెటిల్మెంట్‌లో గడిపాడు. పొద్దున హాజరు, రాత్రి హాజరు. పక్కూరి సంతకు పోవాలన్నా చీటీ రాయించుకోవాలి. నువ్వు ఏం దొంగిలించావని ఆయన్ను ఎవరూ అడగలేదు. 1871 నేరస్థ జాతుల చట్టానికి దొంగతనంతో పని లేదు, ఆ ఇంట పుడితే చాలు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్లకు, 1952లో గాని దేశమంతటా రద్దు కాలేదు. చట్టమైతే పోయింది, మాట పోలేదు. స్టువర్టుపురం పేరును మన సినిమా వాళ్లు ఎలా అమ్ముకున్నారో మీకు తెలుసు. అలాంటి తాత మనవడు విమానమెక్కి పోయి, అక్కడ చెవిన పడ్డ మొదటి తిట్టునే తెచ్చి నాకు వినిపించాడు. వాడొక్కడితోనే నాకు పేచీ లేదు. చదువుకుని బయటపడ్డామనుకుంటున్న మనవాళ్లందరితోనూ ఉంది.

ఇంతకీ ఎవరు వాళ్లు? ఐర్లండ్ జనం వాళ్లను ట్రావెలర్లంటారు. వాళ్లు తమను మింకేర్లమని చెప్పుకుంటారు. ఐరిష్ భాషలో వాళ్లకున్న పేరుకు అర్థం నడిచే జనం. 2022 జనాభా లెక్కల్లో 32,949 మంది తేలారు. యాభై లక్షలు దాటిన దేశంలో నూటికి ఒకరు కూడా కాదు. రేకు పని వాళ్ల పాత వృత్తి. గుర్రపు బండి మీద ఊరూరా తిరిగి చిల్లులు పడ్డ బకెట్లకు, పాల క్యాన్లకు మాట్లు వేసేవాళ్లు. కొత్త చెంబులు, గిన్నెలు చేసి అమ్మేవాళ్లు. గుర్రాల బేరం చేసేవాళ్లు. బంగాళదుంపలు తవ్వే రోజుల్లో కూలికి పోయేవాళ్లు. వాళ్లు వచ్చారంటే పది ఊళ్ల కబుర్లు, పాటలు వచ్చినట్టే. రైతుకు వాళ్ల చేతి పని కావాలి, పని అయ్యాక బండి కదలాలి. గాల్వే జిల్లా బాలినస్లోలో అక్టోబరు గుర్రాల సంత ఇప్పటికీ జరుగుతుంది. అక్కడ వాళ్లు చుట్టాలను కలుస్తారు, పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటారు, గుర్రం ధర కుదిరితే అరచేతిలో చెయ్యి కొట్టి ఖాయం చేస్తారు.

1950లు, 60లలో ప్లాస్టిక్ బకెట్ వచ్చింది, పొలాల్లోకి యంత్రాలు దిగాయి. మా అమ్మ ఈత మండలతో అల్లిన గంప దేని ముందు ఓడిపోయిందో, వాళ్ల రేకు బకెట్ కూడా దాని ముందే ఓడిపోయింది. ఇంకా వెనక్కి పోతే, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్మిన మన పెద్దల బేరాన్ని ఉప్పు చట్టాలు, రైలుబండ్లు కలిసి మింగాయి. చేతిలో పని ఉన్నంతకాలం రమ్మన్న ఊరే, పని పోయిన మరునాటి నుంచి వీళ్లు ఎందుకు తిరుగుతున్నారని అడగడం మొదలుపెట్టింది. అక్కడా అంతే, ఇక్కడా అంతే.

వాళ్ల భాషను కాంట్ అంటారు, గామన్ అని కూడా అంటారు. పండితులు పెట్టిన పేరు షెల్టా. అందులో కొన్ని మాటలు ఐరిష్ మాటల్ని తిరగేసి చేసుకున్నవి. తలుపు ఐరిష్‌లో డొరస్, వీళ్ల నోట రొడస్. ముద్దు అక్కడ పోగ్, ఇక్కడ గోప్. పోలీసు ఎదురుగా ఉండగా ఇంటివాళ్లతో ఒక ముక్క చెప్పుకోవాలంటే అలాంటి భాష కావాలి. మన కుర్రు భాష సంతలో ఎందుకు పనికొచ్చేదో తెలిసినవాళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. తమాషా ఏమిటంటే, కార్క్ నగరం కుర్రాళ్లు ఇవాళ మగవాణ్ణి ఫీన్ అని, ఆడమనిషిని బ్యోర్ అని అంటారు. రెండూ ట్రావెలర్ల మాటలే. మాటలను ఇంట్లోకి రానిచ్చారు, మనుషులను పక్కింటికి కూడా రానివ్వరు.

పాట సంగతీ ఇంతే. ఐర్లండ్ తన గొంతు అని చూపించుకునే వాయిద్యాల్లో ఇల్లెన్ పైపులు మొదటి వరసలో ఉంటాయి. మోచేత్తో తిత్తి నొక్కుతూ వాయించేది. జానీ డోరన్ అనే ట్రావెలర్ బండి కట్టుకుని ఊరూరా తిరుగుతూ సంతల్లో, ఆటల పోటీల దగ్గర దాన్ని వాయించాడు. 1947లో జానపద కమిషన్ వాళ్లు ఆయన్ను కూర్చోబెట్టి రికార్డు చేశారు. 1950లో ఆయన చనిపోయాడు. ఆ వాయిద్యం నేర్చుకునేవాళ్లు నేటికీ ఆ రికార్డులు వింటారు. 2017లో యునెస్కో ఆ సంప్రదాయాన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. వాయించినవాడి మనుషులు పెళ్లి విందుకు హోటల్ మాట్లాడుకోబోతే మాత్రం, ఇంటిపేరు వినగానే ఆ రోజు ఖాళీ లేదనే జవాబు వస్తుంది.

మన సభల్లో ఐర్లండ్ పేరు చెబితే చప్పట్లు పడతాయి. ఇంగ్లీషువాడి మీద తిరగబడ్డ చిన్న దేశం, 1845 నుంచి కరువులో లక్షలాది మందిని పోగొట్టుకున్న దేశం, భాషను పోగొట్టుకున్న దేశం. మన వి.వి. గిరి అక్కడే న్యాయశాస్త్రం చదివాడు, 1916 తిరుగుబాటు తర్వాత దేశం విడిచి పొమ్మంటే తిరిగొచ్చాడు. ఇవన్నీ నిజాలే, నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. అయితే ఆ దేశం తన చేతికి అధికారం వచ్చాక తన నడిచే జనాన్ని ఏం చేసిందన్నది కూడా అడగాలి కదా. 1960లో ఒక కమిషన్ వేసింది. అందులో ట్రావెలర్ ఒక్కడూ లేడు. 1963లో నివేదిక వచ్చింది. దాని సారం: వీళ్ల తిరుగుడు ఒక సమస్య, స్థిరపరచి మిగతా జనంలో కలిపేయడమే పరిష్కారం. కలిశాక వాళ్లు వాళ్లుగా ఉంటారా అని ఎవరూ అడగలేదు. లండన్ పాలకులు ఐరిష్ వాళ్ల గురించి ఏ గొంతుతో మాట్లాడారో, డబ్లిన్ పాలకులు వీళ్ల గురించి అదే గొంతుతో మాట్లాడారు.

ఈ కలిపేయడం వెనక ఒక కథ ఉండేది. ట్రావెలర్లంటే కరువులో భూములు పోయి రోడ్డున పడ్డ రైతులేనని అందరూ నమ్మేవాళ్లు. పడిపోయినవాళ్లయితే లేపి ఇంట్లో కూర్చోబెడితే సరిపోతుంది. 2017లో వచ్చిన జన్యు పరిశోధన ఆ కథను కూలగొట్టింది. వాళ్లు ఐర్లండ్ రక్తమే గాని, మిగతా జనం నుంచి విడిపోయింది సుమారు 360 ఏళ్ల కిందట, అంటే కరువుకు చాలా ముందు.

మా వాడు కారులో పడమటి తీరం చూడబోయి ఫొటోలు పంపాడు. రాతి గోడలు, గొర్రెలు, పచ్చిక. రెండు ఫొటోల్లో రోడ్డు పక్క గడ్డి మీద పెద్ద పెద్ద బండరాళ్లు వరసగా ఉన్నాయి. అందం కోసం పెట్టారనుకున్నాడు. ఆ దేశంలో అలాంటి రాళ్లు చాలాచోట్ల కారవాన్ ఆగకుండా పెట్టినవి. తరతరాలుగా బండ్లు విప్పుకున్న విడిదుల్ని స్థానిక కౌన్సిళ్లు, భూముల వాళ్లు రాళ్లతో మూసేశారు. 1998 చట్టం ట్రావెలర్లకు విడిది స్థలాలు, ఇళ్లు చూపించే పథకం వేయమని ప్రతి కౌన్సిల్‌కూ చెప్పింది. డబ్బు కేటాయించినా ఏళ్ల తరబడి చాలా కౌన్సిళ్లు ఖర్చు పెట్టలేదు, ఓట్లు పోతాయని. స్థలాలు చూపించకముందే 2002లో ఇంకో చట్టం వచ్చింది. అనుమతి లేని చోట బండి ఆపితే ఇక నేరం. జరిమానా, నెల దాకా జైలు, బండి స్వాధీనం. ఆగడానికి చోటివ్వకుండా ఆగడాన్ని నేరం చేయడం! మన తాతల చట్టం చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

“వాళ్లలో దొంగలు లేరా అన్నా?” అన్నాడు మా వాడు. ఉంటారు. కోమటి వీధిలో ఉంటారు, సచివాలయంలో ఉంటారు. బ్యాంకులు ముంచినవాడి కులాన్ని ఎవడైనా దొంగల కులమన్నాడా? ఐర్లండ్ జైళ్లలో ట్రావెలర్ల సంఖ్య వాళ్ల జనాభాకు ఎన్నో రెట్లు మించి ఉంటుందన్నదీ నిజమే. బతికే తీరునే నేరం చేసి, పిల్లల్ని బళ్లో విడి తరగతుల్లో కూర్చోబెట్టి, ఉద్యోగానికి వస్తే చిరునామా చూసి పంపేసి, చివరికి జైల్లో తల లెక్కపెట్టి జాతి బుద్ధి అంటే ఎలా?

నిజంగా లెక్కపెట్టదలిస్తే వేరే లెక్క ఉంది. 2010లో ట్రావెలర్ల ఆరోగ్యం మీద దేశమంతటా సర్వే చేశారు. అక్కడి మగవాళ్ల సగటు ఆయుష్షు కన్నా ట్రావెలర్ మగవాడి ఆయుష్షు 15 ఏళ్లు తక్కువ, 61.7 ఏళ్లు. ఆడవాళ్లకు 11 ఏళ్లకు పైగా తక్కువ. ఏడాది నిండకుండా పోయే బిడ్డలు మూడున్నర రెట్లు ఎక్కువ. మగవాళ్లలో ఆత్మహత్యలు దాదాపు ఏడు రెట్లు. ఇది ఐరోపాలో సంపన్న దేశం సంగతి.

2015 అక్టోబరు 10న డబ్లిన్ దక్షిణాన కారిక్‌మైన్స్ విడిదిలో తెల్లవారుజామున నిప్పంటుకుని పది మంది చనిపోయారు. అందులో అయిదుగురు పిల్లలు. బతికిన కుటుంబాలను తాత్కాలికంగా ఉంచడానికి దగ్గర్లో ఒక స్థలం చూస్తే, ఆ వీధివాళ్లు కార్లు అడ్డం పెట్టి పని జరగనివ్వలేదు. శవాలు ఇంకా మట్టికి చేరలేదు. దాని మీద నేనేమీ రాయలేను.

2017 మార్చి 1న ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో నిలబడి ట్రావెలర్లు ఒక ప్రత్యేక జాతి అని ప్రకటించాడు. గ్యాలరీలో ఉన్న ముసలివాళ్లు ఏడ్చారు. ఆ ఏడుపు నాకు అర్థమవుతుంది. అదే నోటితో ఈ గుర్తింపు వల్ల కొత్త హక్కులేమీ రావని కూడా చెప్పాడు. ఇంకో సంగతి. సరిహద్దుకు అవతల, బ్రిటిష్ పాలనలోనే ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో, 1997 నాటి చట్టమే వాళ్ల పేరు రాసి మరీ జాతి వివక్ష నుంచి రక్షణ ఇచ్చింది. స్వతంత్ర డబ్లిన్‌కు ఆ మాట అనడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

స్థిరపడడం తప్పా అని మనవాళ్లే నన్ను అడుగుతారు. సెటిల్మెంట్ లేకపోతే మనకు బడి ఎక్కడిదని వాదించే పెద్దలున్నారు. బడి మంచిదే, నేను దాని వల్లే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ట్రావెలర్లలోనూ ఇవాళ ఎక్కువమంది ఇళ్లలోనే ఉంటున్నారు, చాలామంది ఇల్లే అడుగుతున్నారు. నా పేచీ ఇంటితో కాదు. ఇల్లు ఇచ్చేముందు నీ గుర్రం, నీ భాష, నీ చుట్టాలు పక్కన ఉండే హక్కు వదులుకో అనే షరతుతో. ఆ షరతును వాళ్లు ఒప్పుకోలేదు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఐర్లండ్ జెండా పట్టుకుని నడిచిన బాక్సర్ ఫ్రాన్సీ బారెట్ గాల్వే విడిదిలో కారవాన్ నుంచి వచ్చినవాడు. 2020లో ఎగువసభకు ఐలీన్ ఫ్లిన్ వచ్చింది, పార్లమెంటులో మొట్టమొదటి ట్రావెలర్ మహిళ. ఇద్దరూ ట్రావెలర్లమని చెప్పుకునే అక్కడ నిలబడ్డారు.

2025 జూలై, ఆగస్టుల్లో డబ్లిన్‌లో భారతీయుల మీద వరసగా దాడులు జరిగాయి. జాగ్రత్తగా ఉండమని మన రాయబార కార్యాలయం ప్రకటన ఇచ్చింది. అప్పుడు మా వాడు రాత్రిపూట ఫోన్ చేసి, ఒళ్లు రంగు చూసి కొడుతున్నారన్నా, మనమేం చేశామని ఏడ్చినంత పని చేశాడు. ఆ నెలలు గడిచి ఏడాది కాలేదు.

ఇదంతా ఫోన్లో చెప్పాను. కాసేపు విన్నాడు. “నువ్వు ఇక్కడ ఉంటే తెలుస్తుందన్నా” అన్నాడు. సరే, ఒక్క మాట చెప్పు, ఆఫీసులో ఎప్పుడైనా నువ్వెవరివని, మీవాళ్లు ఏం చేసేవాళ్లని అడిగారా అన్నాను. తెలుగువాళ్లే అడిగారట, భోజనాల దగ్గర.

“ఏం చెప్పావు?”

“గుంటూరు వైపు అని చెప్పి ఊరుకున్నా.”