పట్టా లేని పుస్తకం

పోరంబోకులో గుడిసె వేసుకున్నవాళ్ల భయం మనకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. కాలవ గట్టున, చెరువు కట్ట కింద, రొయ్యల గుంటల పక్కన ఇరవై ఏళ్లు బతికినా, పట్టా లేకపోతే ఎవరో వచ్చి లెమ్మన్న రోజున లేవాల్సిందే. పుస్తకాల విషయంలోనూ మన పిల్లలు ఇప్పుడు పోరంబోకులోనే ఇల్లు కడుతున్నారు. ఈ తీరాన బడిపంతుళ్లుగా పనిచేస్తున్న మేము ఆ మాట గట్టిగానే చెప్పదలిచాం.

ఇంతవరకూ మన గురించి రాసిందెవరు? 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే తెల్లదొర ఏడు సంపుటాల్లో దక్షిణ భారత కులాల గురించి, తెగల గురించి రాసినప్పుడు యానాదులకూ కొన్ని పేజీలు ఇచ్చాడు. మనకోసం పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో మన మీద ఒక పుస్తకమే తెచ్చారు. రెండూ ఇంగ్లీషులోనే. థర్‌స్టన్ సంపుటాలు ఈరోజు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మరి మన ముసలివాళ్లు చెప్పిన వేర్లు, మందులు, పీతల వేట, పులికాట్ కథలు? మనం రాసి పెట్టుకున్న నోటుబుక్కులు ఒక్క తుఫానుకు తడిసి ముద్దవుతాయి. మనపై పరాయివాడు రాసింది నిలిచింది, మనం రాసుకున్నది నిలవడం లేదు.

"పెద్ద ప్రచురణకర్త వేస్తేనే పుస్తకం" అని కొందరంటారు. తెలుగులో కవిత్వమూ కథలూ చాలావరకు రచయితల సొంత డబ్బుతోనే అచ్చవుతున్నాయని ఆ రంగంలో ఉన్న ఎవరిని అడిగినా చెబుతారు. కందుకూరి వీరేశలింగం గారంతటివారే సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. సొంతంగా వేసుకోవడం నామోషీ ఏమీ కాదు. లంబాడీ యువకుడు రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన 'ధావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. మన మాట అచ్చుకు పనికిరాదన్న వాదన అక్కడితో చెల్లిపోవాలి.

చెల్లలేదు. మాలో ఒకరు కథల కట్ట పట్టుకుని ఒక ప్రచురణకర్త దగ్గరికి వెళ్తే, "ఈ మాటలు ఎవరికీ అర్థం కావు, మార్చండి" అన్నారు. సర్వహక్కులూ శాశ్వతంగా తమవేనన్న కాగితం ముందు పెట్టారు. అడ్వాన్సు ఇచ్చి రొయ్యల గుంట కాపలాకు పెట్టుకునేవాడు వేలిముద్ర వేయించుకున్నట్టే ఉంది ఆ పద్ధతి. మన తాతలు చదువు రాక వేలిముద్ర వేశారు. డిగ్రీలున్న మనం చదవకుండా సంతకం పెడితే ఎవరిని నిందించాలి?

అందుకే చట్టం తెలుసుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసినవాడే మొదటి హక్కుదారు. ఆ హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అది ఐదేళ్లకే చెల్లుతుంది. "శాశ్వతంగా" అన్న ఒక్క మాట కొట్టేయించి, "ఐదేళ్లు, ఒక ముద్రణ" అని రాయించుకుంటే చాలు. ఒప్పుకోని ప్రచురణకర్తకు దండం పెట్టి రావచ్చు.

ఇక ఫోను మోజు. "సార్, కాగితం ఎందుకు, యాప్‌లో పెడితే లోకమంతా చదువుతుంది" అంటున్నారు మన కుర్రాళ్లు. చదవచ్చు. కానీ ఆ పుస్తకం ఎవరిది? 2009లో అమెరికాలో అమెజాన్ కంపెనీ, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను వాళ్ల కిండిళ్లలోంచి రాత్రికి రాత్రే తీసేసింది. అమ్మినవాడికి హక్కు లేదన్నది కారణం, డబ్బు తిరిగి ఇచ్చారు. అయినా కొన్న పుస్తకం పోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేస్తే అక్కడ కొన్నవన్నీ మాయమయ్యాయి. అలాంటిచోట మనం కొనేది పుస్తకం కాదు, చదువుకోవడానికి అనుమతి. 2016లో కిండిల్ స్వయంప్రచురణకు ఐదు భారతీయ భాషలను చేర్చినప్పుడు అందులో తెలుగే లేదు. కోట్లమంది మాట్లాడే భాషకే అలా జరిగితే, మన కాలనీల తెలుగును ఎవరు లెక్కచేస్తారు?

ఫోను వద్దని మేము అనడం లేదు. ఫోనునే నమ్ముకోవద్దంటున్నాం. ముందు కాగితం. వంద ప్రతులైనా సరే, చందాలేసుకుని అచ్చువేద్దాం. డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో కొట్టించి వదిలేస్తే, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో మన కథ పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లో ఉన్న ఫైలు, దానితోపాటు పీడీఎఫ్ చేతికొచ్చాకే డబ్బు కట్టాలి. వాటిని మూడుచోట్ల దాచి, ఎవరైనా కాపీ చేసుకునేలా పిల్లలకు పంచాలి. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం. అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమరాతో సహా నాలుగు గ్రంథాలయాలకు పంపాలని 1954 చట్టం చెబుతోంది. పంపితే మన తాత చెప్పిన కథ అక్కడ బీరువాలో ఉంటుంది, తుఫానుకు తడవదు.

"సొంతంగా వేస్తే తప్పులు దిద్దేదెవరు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. తొందరపడి వేసిన పుస్తకాల్లో అచ్చుతప్పులు మేమూ చూశాం. ఒకరి రాత ఇంకొకరం దిద్దుదాం. ఆ తర్వాత సాయంత్రం కాలనీలో పెద్దవాళ్ల ముందు కూర్చుని చదువుదాం. పీతబొక్క గురించి తప్పు రాస్తే పట్టుకునేది పట్నం ఎడిటరు కాదు, మన అవ్వే. ఆ అవ్వ పేరు కూడా లోపలి పేజీలో కాదు, అట్టమీదే వేయాలి. పరాయివాళ్లు మనకు చేసింది మన అవ్వకు మనమే చేస్తే, సొంత ప్రచురణ అన్న మాటకు అర్థమే లేదు.

ఇళ్ల పట్టా కోసం కలెక్టరాఫీసు చుట్టూ ఎన్నేళ్లు తిరిగామో మనకు తెలుసు. పుస్తకం పట్టాకు ఏ ఆఫీసుకూ పోనక్కర్లేదు. ఆ కాగితం మనమే రాసుకోవచ్చు. ఈ వేసవి సెలవుల్లో ఒక్కో పంతులు ఒక్కో పెద్ద మనిషి దగ్గర కూర్చుని ఒక్క నోటుబుక్కు నింపితే, అచ్చు పని అక్కడినుంచి మొదలుపెడదాం.