అక్క చేతికి దొరకని మర్దన

నేను లైపోసక్షన్ చేయించుకున్నాను. స్త్రీవాదివై ఉండి ఇదేమిటని అడగండి, ఆ సిగ్గు నాకూ ఉంది. అంతకన్నా పెద్ద సిగ్గు మరొకటుంది.

వాపు తగ్గడానికి ప్యాకేజీలోనే లింఫ్ మర్దన ఇచ్చారు. గట్టిగా నొక్కరు, చర్మాన్ని మెల్లగా జరుపుతారంతే. ఆ బల్ల మీద అక్క గుర్తొచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కి చంకలో గ్రంథులు తీసేశాక అక్క చెయ్యి జాకెట్టు ఎక్కనంతగా వాచింది. "ప్రాణం దక్కింది, సర్దుకో"మన్నారే గాని మర్దన, కట్టు, వ్యాయామం ఉన్నాయని ఏ డాక్టరూ చెప్పలేదు.

ఇది కొత్త వైద్యమా? 1930లలోనే ఎమిల్, ఎస్ట్రిడ్ వోడర్ దంపతులు రూపొందించిన పద్ధతి! నా వాపు కొన్ని నెలల్లో ఎలాగూ పోయేదే. అక్కది జీవితాంతం మోయాల్సింది. అందాన్ని కొనుక్కున్న నాకు దొరికిన చికిత్స జబ్బుపడ్డ ఆడదానికి ఎందుకు దొరకదు? ప్రతి క్యాన్సర్ వార్డులోనూ ఇది ఉచితంగా, హక్కుగా ఉండాలి.