పనిమాటల పుట్టుపూర్వోత్తరాలు

సినిమాలో పైలట్ ‘రోజర్’ అనగానే అవతల ఉన్నవాడి పేరు కాబోలు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది ఒక అక్షరం పేరు. చుక్కలూ గీతలతో నడిచే మోర్స్ తంతి సంకేతాల్లో సందేశం అందిందని చెప్పడానికి ఆపరేటర్ చుక్క, గీత, చుక్క కొట్టేవాడు, అంటే ‘ఆర్’. రెండో ప్రపంచయుద్ధం నాటికి సైనికులు రేడియోలో నేరుగా మాట్లాడుకుంటున్నారు. గరగరలో ‘బి’ ఏదో ‘డి’ ఏదో తేలదు గనుక అక్షరానికో పేరు పెట్టుకున్నారు. అలా ‘ఆర్’ రోజర్ అయింది. 1950ల్లో అంతర్జాతీయ పట్టిక మారి ‘ఆర్’కు రోమియో అన్న పేరొచ్చినా, రోజర్ మాత్రం కదల్లేదు.

ఓడల్లో రేడియో ఆపరేటర్‌ను ‘స్పార్క్స్’ అని పిలిచేవారు. తొలినాటి ట్రాన్స్‌మిటర్లు నిప్పురవ్వలతో పనిచేసేవి మరి. ఆ యంత్రాలు మూలపడ్డా పిలుపు పోలేదు. అమెరికా తంతి ఆఫీసుల్లో చెయ్యి తిరగనివాణ్ణి ‘హామ్’ అని వెక్కిరించేవారు. సరదాకి రేడియో నడిపేవాళ్లు ఆ తిట్టునే బిరుదుగా తగిలించుకున్నారు. సెలవు తీసుకుంటూ వాళ్లు చెప్పుకునే ‘73’ కూడా తంతివాళ్ల దగ్గర నేర్చిందే.

అయితే మాట అసలు పుట్టుక కన్నా అల్లిన కథే ముందు ఊరు చుట్టివస్తుంది. ‘ఎస్ఓఎస్’ అంటే ‘మా ప్రాణాలు కాపాడండి’ అనే ఇంగ్లీషు వాక్యానికి పొడి అక్షరాలని చాలామంది నమ్మకం. 1906లో బెర్లిన్ ఒప్పందంలోకి అది చేరినప్పుడు అలాంటి అర్థమేదీ లేదు. మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్లీ మూడు చుక్కలు. ఎంత గోలలోనైనా చెవి ఇట్టే పట్టేస్తుంది. ‘హామ్’ ముగ్గురు హార్వర్డ్ కుర్రాళ్ల పేర్లలోంచి వచ్చిందనేదీ ఇలాంటి కట్టుకథే.

వాడుకలో ఉన్నప్పుడే రాసిపెట్టకపోతే జరిగేది ఇదే. రాసిపెట్టే పద్ధతి మనకు కొత్త కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశంలో 1962లో వ్యవసాయ పదాలను, 1971లో చేనేత పదాలను అచ్చువేసింది. పనివాళ్ల నోటినుంచి ఏరిన మాటలవి. వాల్వు సెట్లు విప్పి బాగుచేసిన రేడియో మెకానిక్‌లు, సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి ఊరికొచ్చినవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలనూ అదే శ్రద్ధతో సేకరించాలి. సేకరించడానికి వెళ్లినవారు మాట ఎలా పుట్టిందని అడిగితే మళ్లీ కథే వినాల్సి వస్తుంది. ఏ సామాను చేతిలో ఉండగా, ఎవరితో, ఏ పనిలో ఆ మాట అనేవారో అడిగి రాసుకోవాలి.