వాడేవారే గీటురాయి

వస్తువు చూపులకు అందంగా ఉండటం వేరు, అక్కరకు రావడం వేరు. రైల్వేస్టేషన్‌లో టికెట్ యంత్రం ముందు ఒక వృద్ధుడు తడబడితే, చదువు లేకపోవడమే కారణమని చుట్టుపక్కలవారు తేల్చివేస్తారు. ఆయన కూడా తన అజ్ఞానాన్నే నిందించుకుంటాడు. లోపం యంత్రపు రూపకల్పనలో ఉందేమోనని శంకించేవారు అరుదు. ఆ శంకతోనే పని ప్రారంభించే నిపుణులను యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్లు అంటారు. 1990 దశకంలో ఆపిల్ సంస్థలో పనిచేసిన డోనాల్డ్ నార్మన్ ఈ మాటకు ప్రచారం కల్పించారు.

ఈ రూపకర్తలు మొదటే రంగులు, బొమ్మలు ఎంచుకోరు. ముందుగా వాడేవారి వద్దకు వెళతారు. వారు ఎక్కడ ఆగుతున్నారో, దేనికి జంకుతున్నారో ఓర్పుతో గమనిస్తారు. అసలు సమస్యను గుర్తించిన పిమ్మట కాగితంపై ఒక నమూనా గీసి, వారి చేతికే ఇస్తారు. వారు తడబడిన ప్రతిచోటా నమూనాను సవరించి, తిరిగి పరీక్షిస్తారు.

వాడేవారు పొరబడే వీలున్న రూపకల్పన ఎంతటి అనర్థానికి దారితీస్తుందో 2000లో జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికలు నిరూపించాయి. ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్ కౌంటీలో, వృద్ధులకు అక్షరాలు పెద్దవిగా కనిపించాలనే సదుద్దేశంతో, పదిమంది అభ్యర్థుల పేర్లను ఎదురెదురు పుటలలో ముద్రించారు. ఓటు వేయడానికి పొడవవలసిన రంధ్రాలు మాత్రం నడుమ ఒకే వరుసలో ఉన్నాయి. ఎడమ పుటలో రెండవ పేరు అల్ గోర్‌ది; రెండవ రంధ్రం కుడి పుటలోని పాట్రిక్ బుకానన్‌ది. ఎందరో పొరబడ్డారు. ఒకరికంటే ఎక్కువమందికి గుర్తు పడినందున 19 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. ఆ రాష్ట్రంలో జార్జి బుష్‌కు లభించిన ఆధిక్యం 537 ఓట్లు మాత్రమే. ఆ ఆధిక్యమే ఆయనను అధ్యక్షుణ్ణి చేసింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. హైదరాబాదులోని ఈసీఐఎల్, బెంగుళూరులోని బీఈఎల్ సంస్థలు తయారుచేసే ఓటింగ్ యంత్రాలను 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా వినియోగించారు. అభ్యర్థి పేరు, గుర్తు, వాటికి సూటిగా ఒక నీలి మీట. నొక్కగానే ఎర్రదీపం, వెంటనే శబ్దం. అక్షరం రాని ఓటరు సైతం గుర్తును చూసి ఓటు వేయగలడు. తరువాత అంధులకోసం బ్రెయిలీ అంకెలు చేరాయి. 2013లో తొలిసారి వాడిన వీవీప్యాట్‌లో ఓటు వివరం ఏడు సెకన్లపాటు కాగితంపై కనిపిస్తుంది. యంత్రం తయారైనంతమాత్రాన రూపకల్పన ముగియదనడానికి ఈ మార్పులే నిదర్శనం.

ఇంతటి పరిశీలనకు కాలం, ధనం వ్యయమవుతాయని కొందరి వాదన. అయితే ఐదుగురితో పరీక్షించినా ప్రధాన లోపాలు చాలావరకు బయటపడతాయని ఈ రంగంలో నిపుణుడైన జాకబ్ నీల్సన్ 2000లోనే వివరించారు. పామ్ బీచ్ ఓటర్లు కోల్పోయిన దానిముందు ఆ వ్యయం ఏపాటిది?

నేడు విద్యార్థి వేతనానికీ, వృద్ధుని పింఛనుకూ దరఖాస్తులు తెరమీదికి చేరాయి. ఆ తెర అర్థం కానివారికి హక్కు ఉండీ లేనట్లే. కనుక రేపు ఈ వృత్తిలో అడుగుపెట్టే యువతీయువకులు ఒక నియమాన్ని మరువరాదు: వాడేవారు పొరబడినప్పుడు మొదట దిద్దవలసింది వారి చేతిలోని వస్తువునే.