డబ్బా మీద పన్నెండు వేలు

మా మావయ్యకు రంపచోడవరం దగ్గర జీడిమామిడి తోట ఉంది. తారు రోడ్డు దిగాక మూడు కిలోమీటర్లు మట్టి దారి, మధ్యలో ఒక వాగు. ఎండాకాలంలో స్కూటీ మీద కూడా వెళ్లిపోవచ్చు. జూలై వచ్చిందంటే మాత్రం ఆయన పాత మహీంద్రా జీపు వారానికోసారైనా దిగబడాల్సిందే. నేను సెకండియర్‌లో ఉండగా ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్ అల్లుడూ, మెకానికల్ చదువుతున్నావుగా, జీపు ముందర ఆ లాగే మిషనేదో పెట్టించరా. నలభై వేలు దాటకూడదు" అన్నాడు.

నా జీవితంలో మొదటి ఇంజనీరింగ్ ప్రాజెక్ట్ అదే. అందులో ఫెయిలయ్యాను. మన కాలేజీలో మార్కులు పోతే సప్లీ రాసుకోవచ్చు. అక్కడ ఒక కుర్రాడి కాలు పోయేది.

ఈ మధ్య హాస్టల్లో ముగ్గురు నలుగురు జూనియర్లు వచ్చి, "అన్నా, ఇంట్లో థార్ కొన్నాం, తక్కువలో మంచి వించ్ చెప్పు, ఎన్ని పౌన్లది తీసుకోవాలి?" అని అడిగారు. నేనూ సరిగ్గా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను. నా అభిప్రాయంలో ఆ ప్రశ్నే తప్పు. ఎందుకో చెప్పాలంటే ముందు నా పరువు కొంచెం తీసుకోవాలి.

ఆన్‌లైన్‌లో వెతికి, ధర ప్రకారం వరసపెట్టి, 28 వేలకు ఒకటి పట్టాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 12,000 పౌన్లు. అంటే 5,443 కిలోలు. నలుగురు మనుషులు, రెండు బస్తాల ఎరువు వేసుకున్నా జీపు బరువు రెండు టన్నులు. బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగే వించ్ చాలని అందరూ చెప్పే లెక్క. నాది రెండున్నర రెట్లు దాటింది. వైర్‌లెస్ రిమోట్ కూడా ఫ్రీ! 12 వేలు మిగిలాయని మావయ్యకు చెప్తే, "చదువంటే అదిరా" అన్నాడు. పాపం.

మొదటి పెద్ద వానకే అవసరం పడింది. వాగు గట్టు ఎక్కుతుంటే ఎడమ పక్క చక్రాలు జారి మడ్‌గార్డ్ దాకా బురదలో కూరుకుపోయాయి. ముందర మూడు మీటర్లలో ఒక మద్ది చెట్టు. ఇంకో పదడుగులు వేస్తే మరో చెట్టుంది కానీ, దగ్గరిది ఉండగా దూరంది ఎందుకనుకున్నా. ఇనుప తాడు చెట్టు చుట్టూ తిప్పి, కొక్కేన్ని ఆ తాడుకే తగిలించి, రిమోట్ నొక్కాను. హెడ్‌లైట్లు మసకబారాయి, తాడు బిగిసింది, జీపు జానెడు కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. కాలిన వాసన. బటన్ వదిలేశాను. వించ్ మాత్రం ఆగలేదు.

ఆ కొన్ని సెకన్లు నాకిప్పటికీ గుర్తే. రిమోట్ మీద అన్ని బటన్లూ నొక్కుతున్నా మోటార్ మూలుగుతూనే ఉంది. మావయ్య బ్యాటరీ టెర్మినల్ పీకడానికి స్పానర్ కోసం సీటు కింద వెతుకుతున్నాడు. ఈలోపు చెట్టు దగ్గర తాడు తెగింది. తెగిన కొస వెనక్కి వచ్చి ముందు అద్దం పగలగొట్టింది. తోటలో పనిచేసే కుర్రాడు, పదహారేళ్లుంటాయి, బానెట్ పక్కనే చెయ్యేసి నిలబడి ఉన్నాడు. వాడికీ ఆ తాడుకీ మధ్య రెండు మూరలు.

తర్వాత పక్క పొలం నుంచి ట్రాక్టర్ వచ్చి నాలుగు నిమిషాల్లో లాగేసింది. "ఇంతదానికి అంత మిషనెందుకండీ" అన్నాడాయన, డబ్బులు కూడా తీసుకోకుండా.

సెమిస్టర్ మధ్యలో ఆ వించ్‌ని బస్సులో వేసుకుని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను. సెల్ఫ్ మోటార్లు బాగుచేసే ఒక పెద్దాయన పది నిమిషాల్లో విప్పేశాడు. కాంటాక్టర్ లోపల రాగి పలకలు రెండూ కరిగి అతుక్కుపోయి ఉన్నాయి. అందుకే బటన్ వదిలినా కరెంటు ఆగలేదు. "నాలుగొందల ఆంపియర్లకి ఈ బిళ్లలు పెట్టాడు, ఎవడో పుణ్యాత్ముడు" అన్నాడాయన. నేను డబ్బా మీది అంకె చూశాను కానీ, ఆ బిళ్లల మందం చూడలేదు.

ఇక పన్నెండు వేల సంగతి. వించ్ మీద రాసే అంకె డ్రమ్ మీద మొదటి వరస తాడుకు మాత్రమే వర్తిస్తుంది. మోటార్, గేర్లు కలిసి ఇచ్చేది టార్క్. తాడు ఒక వరస మీద ఇంకో వరస పేరుకునే కొద్దీ వ్యాసార్థం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది. ఫస్టియర్ మెకానిక్స్ ఇది, ఇంటర్నల్స్‌లో రాశాం కూడా. మా డ్రమ్ వ్యాసం 64 మిల్లీమీటర్లు, తాడు 9. మొదటి వరసలో తాడు మధ్యరేఖ ఇరుసు నుంచి 36.5 మిల్లీమీటర్ల దూరం, నాలుగో వరసలో 63.5. కాబట్టి 5,443 కాస్తా 3,130 కిలోలు అయిపోతుంది. మూడు మీటర్ల దూరంలో చెట్టుకు కట్టానంటే దాదాపు తాడంతా డ్రమ్ మీదే ఉంది, అంటే నేను నాలుగో వరస మీద లాగుతున్నాను. దూరపు చెట్టుకు కట్టి ఉంటే బలం పెరిగేది.

మరి జీపుకు ఎంత కావాలి? సైన్యాలు బళ్లు బయటకు తీయడానికి వాడే ఒక మోటు లెక్క ఉంది. చక్రాల దాకా బురదైతే బండి బరువంత, మడ్‌గార్డ్ దాకా అయితే దానికి రెండింతలు. మనకు నాలుగు టన్నులు. గట్టు వాలు 15 డిగ్రీలనుకుంటే ఇంకో అర టన్ను. కావాల్సింది నాలుగున్నర, ఉన్నది మూడు చిల్లర. అది కూడా డబ్బా నిజం చెప్పిందనుకుంటేనే.

ఇప్పుడు ఇదే చోట 9,500 పౌన్ల వించ్, దాంతోపాటు ఒక గిలక ఉన్నాయనుకోండి. బావి గిలక లాంటిదే, కాకపోతే పక్క రేకు తెరిచి తాడు మధ్యలోంచి వేసుకోవచ్చు, దాన్ని స్నాచ్ బ్లాక్ అంటారు. గిలకని చెట్టుకు కట్టి, తాడు దాని మీదుగా తిప్పి తెచ్చి మళ్లీ జీపు కొక్కేనికే తగిలించాలి. బలం రెట్టింపు, వేగం సగం. ఇంకో లాభం కూడా ఉంది: రెట్టింపు తాడు బయటకు లాగాలి కాబట్టి డ్రమ్ మీద ఒక వరస దిగిపోతాం. 8 మిల్లీమీటర్ల తాడుతో మూడో వరసలో సుమారు 2,970 కిలోలు, రెండింతలు చేసి గిలక రాపిడికి పదో వంతు తీసేస్తే 5,300 పైనే. చిన్న వించ్ గెలిచింది. పైగా మోటార్ మీద భారం సగమే. గిలక ఖరీదు పెద్ద వించ్‌కీ చిన్న వించ్‌కీ ఉండే తేడా కన్నా చాలా తక్కువ. అయినా ఎవరూ గిలక గురించి అడగరు. రీల్‌లో అది కనపడదు కదా.

వేడి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చవక వించ్‌లు చచ్చేది ఎక్కువగా దీనివల్లే. 9,500 పౌన్ల వించ్ పూర్తి బరువు మీద నిమిషానికి మీటరున్నర లాగుతుందనుకుందాం. అది చేసే పని సుమారు ఒక కిలోవాట్. 12 వోల్టుల దగ్గర 400 ఆంపియర్లు తాగితే లోపలికి పోయేది 4.8 కిలోవాట్లు. మిగతాదంతా వేడే. వార్డెన్‌కు దొరక్కుండా మనం వాడే ఇమ్మర్షన్ రాడ్లు నాలుగింటిని ఒక చిన్న డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు. అందుకే నిమిషం లాగితే కొన్ని నిమిషాలు ఆపాలి. ఆల్టర్నేటర్ చూసుకుంటుందిలే అనుకోవద్దు, మా జీపుది 65 ఆంపియర్లు. మిగతా భారమంతా బ్యాటరీదే.

మోటార్ రెండు రకాలు. పర్మనెంట్ మాగ్నెట్‌ది చవక, కరెంటు కాస్త తక్కువ తింటుంది, కానీ ఎక్కువసేపు లాగితే త్వరగా వేడెక్కి నీరసపడుతుంది. సిరీస్ వౌండ్‌ది కరెంటు బాగా తింటుంది, మొండిగా లాగుతుంది. మన సెల్ఫ్ మోటార్ల బంధువు కాబట్టి ఆటోనగర్ చేతులకు అలవాటైనది కూడా. నమ్మకమైన వించ్ అంటే ఎప్పటికీ పాడవనిది అని నేననుకోను. పాడైతే మన ఊళ్లో విప్పి బాగుచేయగలిగినది, కాంటాక్టరో, బ్రేక్ ముక్కో విడిగా కొనుక్కోగలిగినది. "వారంటీ అయిదేళ్లు" అని రాసి, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తని దాని కన్నా ఇది మేలు.

కాబట్టి తమ్ముళ్లూ, నా సలహా ఒకటే ముక్క. కొనేముందు ఒక పట్టిక అడగండి. ఏ వరసలో ఎంత లాగుతుంది, ఎంత బరువు మీద ఎంత వేగం, ఎన్ని ఆంపియర్లు. అమ్మేవాడి దగ్గర ఆ పట్టిక లేకపోతే ఆ వించ్ వద్దు, సగం ధరకిచ్చినా వద్దు. మంచి కంపెనీలు దాన్ని దాచవు. 1948లో జీపులకు హబ్బులు చేయడంతో మొదలైన అమెరికా కంపెనీ వార్న్ వాళ్ల కాగితాలు చూడండి, వరసల వారీగా ఉంటాయి. కొనలేకపోయినా చదవడానికి డబ్బులక్కర్లేదు.

తాడు మీద వాదనలు చాలానే ఉన్నాయి. సింథటిక్ తాడు తేలిక, తెగితే ఇనుప తాడంత దారుణంగా విరుచుకుపడదు. నేనైతే దానికే ఓటేస్తాను. కానీ ఎండ, రాళ్ల రాపిడి దానికి పడవు, సుమారు 150 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. చాలా వించ్‌లలో బ్రేక్ డ్రమ్ లోపలే ఉంటుంది, బరువు మీద తాడు వదులుతుంటే డ్రమ్ కాలిపోతుంది. ఇనుప తాడు రోలర్ల మీదే సింథటిక్ తాడు నడిపితే గరుకు అంచులకు కోసుకుపోతుంది, నున్నటి అల్యూమినియం ముఖద్వారం మార్చుకోవాలి. ఇనుప తాడే వాడితే తోలు గ్లౌజులు, మెలిక పడిన తాడును నిర్దాక్షిణ్యంగా పారేయడం. మాది తెగింది ముందురోజు ట్రయల్‌లో మెలిక పడ్డ చోటే. ఏ తాడైనా చెట్టుకు తిప్పి దానికే తగిలించకూడదు, వెడల్పాటి పట్టా కట్టి దానికి తగిలించాలి. చెట్టు బెరడు కూడా బతుకుతుంది.

ఇంకో సంగతి, థార్ వాళ్లకు ముఖ్యంగా. వించ్ కోసం బయట చేయించే ఇనుప బంపర్లు. 2017 డిసెంబర్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం. చలానా సంగతి అటుంచండి, కొత్త బళ్లలో ముందు భాగం నలగడం, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడం ఒక లెక్క ప్రకారం ఉంటాయి. అడ్డంగా ఇనుప దూలం వెల్డింగ్ చేస్తే ఆ లెక్క తప్పుతుంది. ఏడాదికోసారి వికారాబాద్ వెళ్లి బురదలో ఫొటోలు దిగేవాళ్లకు అసలు కరెంటు వించ్ దేనికో నాకర్థం కాదు. టన్నున్నర లాగే చేతి వించ్, ఒక గిలక, ఒక పార డిక్కీలో పడేసుకోండి. చెమట పడుతుంది, నిజమే. కానీ బ్యాటరీ అక్కర్లేదు, బండిని వెనక్కి కూడా లాగొచ్చు. దిగబడినప్పుడు చాలాసార్లు వచ్చిన దారినే వెనక్కి రావడం సుళువు, ముందు బంపర్‌లో బిగించిన వించ్‌కు అది చేతకాదు.

మావయ్యకు మాత్రం కరెంటుదే కావాలి, అరవై దాటినాయనతో లివర్ కొట్టించలేను కదా. కిందటేడు మళ్లీ నలభై వేలిచ్చాడు, ఈసారి ఏమీ అనకుండా. అదే ఎక్కువ గుచ్చుకుంది. 9,500 పౌన్ల సిరీస్ మోటార్ వించ్, వైర్ రిమోట్‌ది, 31 వేలు. మిగిలిన తొమ్మిదిలో గిలక, చెట్టు పట్టా, 4.75 టన్నుల షాకిల్స్ రెండు, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, డ్రైవర్ సీటు పక్కనే చేతికందేలా బ్యాటరీ కట్ చేసే ఇసోలేటర్ స్విచ్. ఆ స్విచ్ మొత్తం సామానులో చవకైన వాటిలో ఒకటి. మొదటిసారి అదుంటే అద్దం కూడా పగిలేది కాదు.

పోయిన వానాకాలంలో రెండుసార్లు వాడాం. ఆ కుర్రాడు ఇప్పటికీ తోటలోనే ఉన్నాడు. తాడు బిగిసేముందు దాని మీద తడి గోనెసంచి కప్పేది వాడే. కప్పేసి, నేను చెప్పక్కర్లేకుండానే, తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం అంగలేసుకుంటూ పక్కకు వెళ్లి నిలబడతాడు. "మీరు కూడా రండి సార్" అని నన్ను పిలుస్తాడు.